సర్కారు బడిలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీష్ మీడియం ఉండాలా?

పొదలకూరు మాస్టారు:
2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీష్ మీడియమే అని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రులను అడిగితే ఎక్కువ మంది ఇంగ్లీషే కావాలన్నారు, అదే నడిచింది. ఫలితం నా క్లాసులో చూస్తున్నా. నిమ్మకాయల కోతకు పోయే వాళ్ల పిల్లోడు, నాలుగో తరగతి. 48 కాయలు ఆరు సంచుల్లో సమంగా పోస్తే సంచికి ఎన్ని అంటే టక్కున ఎనిమిది అంటాడు. అదే లెక్క ఇంగ్లీషులో ఇస్తే 48కి 6 కూడి 54 వేస్తాడు. వాడికి లెక్కలు రావని రాయాలా నేను?

కావలి తమ్ముడు:
మాస్టారూ, కెనడాలో సెయింట్ లాంబర్ట్‌లో 1965లోనే ఇంగ్లీష్ పిల్లలకు మొదటి నుంచీ ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పారు. ఫ్రెంచ్ వచ్చింది, సొంత భాషా పోలేదు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? నేను పది దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ మొదటి ఏడాది వెనక బెంచీలో కూర్చుని ఏడ్చా. సార్ డౌట్స్ అడగమంటే నోరు పెగల్లేదు. ఆ బాధ మీకు తెలీదు.

ఒంగోలు వాసి:
పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఇచ్చారుగా. ఇంకేం ఇబ్బంది?

పొదలకూరు మాస్టారు:
పుస్తకం బాగుంది, పరీక్షలో కూడా ఆ పక్క పేజీ ఉంటుందా? తమ్ముడూ, సెయింట్ లాంబర్ట్‌లో ఆ టీచర్లు ఫ్రెంచ్ అనర్గళంగా మాట్లాడేవాళ్లు. ఆ కార్యక్రమం కావాలని పట్టుబట్టింది తల్లిదండ్రులే. ఇక్కడ మేం పాఠం తెలుగులో చెప్పి, జవాబు ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తున్నాం.

కావలి తమ్ముడు:
మా తల్లిదండ్రులూ అడిగారని మీరే పైన రాశారు! సూటిగా చెప్పండి, మీ పిల్లలు ఏ మీడియం?

ఒంగోలు వాసి:
పక్క పేజీ చదువుకోమని మీరు చెప్పాలి కదా మాస్టారూ.

పొదలకూరు మాస్టారు:
ఇంగ్లీషే, ప్రైవేటులో. రోజూ రాత్రి వాళ్లమ్మ ప్రతి పాఠం తెలుగులో విడమరిచి చెప్పేది. ఆ పిల్లోడి ఇంట్లో అలా చెప్పే మనిషి లేదు. మూడో తరగతి దాకా పాఠాలు తెలుగులో, ఇంగ్లీష్ రోజూ మాట్లాడిస్తూ సబ్జెక్టుగా పెట్టమంటున్నా, అంతే.

కందుకూరు అక్క:
మా పాపకు జూన్‌లో ఐదేళ్లు నిండుతాయి. ప్రైవేటు ఫీజు కట్టలేం. సర్కారు బడిలో ఇంగ్లీష్ తీసేస్తే అప్పు చేసైనా ప్రైవేటులో వేస్తాం. మా వీధిలో అందరిదీ ఇదే మాట.

కావలి తమ్ముడు:
విన్నారా మాస్టారూ? ఆ మూడేళ్ల రూలు ప్రైవేటు బళ్లకూ పెట్టండి, నేనే సంతకం పెడతా.

పొదలకూరు మాస్టారు:
కుదరదు. కర్ణాటక కేసులో 2014లో సుప్రీంకోర్టు మాతృభాషను ప్రైవేటు బళ్ల మీద రుద్దకూడదంది.

కావలి తమ్ముడు:
అంటే ఆ రూలు పేదోళ్లకే. నాకు తెలుగంటే కోపం కాదు మాస్టారూ, ప్రతిసారీ ఆగమనేది మమ్మల్నే అని. ఇంగ్లీషులో చెప్పగలిగే టీచర్లను వేయమని మీ సంఘం గట్టిగా అడగాలి. ఉన్నది తీసేయమనకండి.

పొదలకూరు మాస్టారు:
అడుగుతాం. వాళ్లు వచ్చేలోపు ఈ పిల్లోడు ఐదో తరగతి దాటేస్తాడు. నా పట్టు వాడి కోసమే, వదలను.