షుగర్ మీద ఆఫీసులో అవేర్‌నెస్ మీటింగ్, ఏం చెప్తే జనం వింటారు?

అందరికీ నమస్తే, నవంబర్ 14 వరల్డ్ డయాబెటిస్ డే కదా (ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అని ఆ తేదీ పెట్టారట), ఆ రోజు మా ఆఫీసులో ఒక అరగంట మాట్లాడే పని నా మీద పడింది. వాకింగ్ చేయండి, స్వీట్లు మానేయండి టైపు ఉపన్యాసం అయితే నాకే నిద్రొస్తుంది, అందుకే షుగర్ ఉన్నవాళ్ళకి పక్కనున్నవాళ్ళు ఎలా తోడుండాలి అనేదాని మీద చెప్దామనుకుంటున్నా.

టైప్ 1 రకం షుగర్ ఉన్నవాళ్ళని "చిన్నప్పుడు స్వీట్లు బాగా తిన్నావా" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారండీ, ఒంట్లో ఇమ్యూనిటీయే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దెబ్బతీయడం వల్ల వస్తుంది అది, స్వీట్లకీ దానికీ సంబంధమే లేదు. ఇంకోటి, రక్తంలో షుగర్ పడిపోవడం (లో-షుగర్ అంటారు కదా), రీడింగ్ 70 mg/dL కన్నా తగ్గితే చెమటలు, వణుకు, తికమక, చూసేవాళ్ళు తాగొచ్చాడేమో అనుకుంటారు, మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలాగి మళ్ళీ చెక్ చేయాలి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. ఇది ఎలాగూ చెప్తా.

నా డౌట్ ఏంటంటే, షుగర్ ఉన్నవాళ్ళు అదే రూములో కూర్చుని ఉంటారు కదా, అందరి చూపూ వాళ్ళ మీద పడకుండా ఎలా మాట్లాడాలి? అక్కడే టెస్టులు కూడా పెడదాం అంటున్నారు, రీడింగ్ పక్కవాడికి తెలిసిపోతే ఇబ్బంది కాదా? మీలో షుగర్ ఉన్నవాళ్ళు, మీ తోటివాళ్ళు ఏం చేస్తే నిజంగా హెల్ప్ అనిపించింది, ఏ మాటకి ఒళ్ళు మండింది, కాస్త చెప్పరూ ప్లీజ్.