థిసిల్ అంటే బ్రహ్మదండేనా? గాడిద ఏం తింటోందో తేల్చండి

పిల్లల కథ ఒకటి తెలుగు చేస్తున్నానండీ. అందులో గాడిదకి ఇష్టమైన తిండి థిసిల్ (thistle) అనే మొక్క. కథంతా ఆ మొక్క చుట్టూనే తిరుగుతుంది కాబట్టి "ఏదో ముళ్ళ మొక్క" అని రాసి తప్పించుకోలేను. తెలిసినవాళ్ళని అడిగితే ముగ్గురిలో ఇద్దరు బ్రహ్మదండి అన్నారు. బ్రహ్మదండి నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు వంక గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచి తొక్కినవాణ్ణి. పసుపుపచ్చ పువ్వు, పల్చటి రేకులు, ఆకు మీద తెల్లటి చారలు, తుంచితే పసుపుపచ్చటి పాలు. కథలో బొమ్మ చూస్తే ఊదారంగు కుచ్చు పువ్వు, దాని కింద ముళ్ళ బుడిపె. రెండూ ఒకటెలా అవుతాయి? గాడిద నోట్లో ఏ మొక్క పెట్టమంటారో చెప్పండి.

గుంటూరు నుంచి:
బ్రహ్మదండి అనే రాసేయండి సార్, ఎవరు చూడొచ్చారు. పిల్లలకి గుచ్చుకుంటుందని తెలిస్తే చాలు కదా.

అడిగినవారు:
పిల్లలే చూస్తారండీ, బొమ్మ పక్కనే ఉంటుంది! పైగా మా ఊళ్ళో మేకలు కూడా దాని జోలికి పోవు. గాడిదతో తినిపిస్తే అది చచ్చిపోతుందేమోనని నా టెన్షన్.

కర్నూలు నుంచి:
మీ టెన్షన్ సరైనదే. మీరు తొక్కింది థిసిల్ కాదు, గసగసాల మొక్కకి చుట్టం. ఆర్జిమోన్ మెక్సికానా అంటారు, పేరులోనే ఊరు ఉంది. బలురక్కసి అని కూడా అంటాం, నాకు ఆ పేరే ఇష్టం, మొక్కని చూసి తిట్టినట్టు ఉంటుంది. బీళ్ళు, రోడ్డు పక్కలు, ఎండిన వాగులు, ఎవరూ పట్టించుకోని జాగా ఎక్కడుంటే అక్కడ మొలుస్తుంది. గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి, అదే దాని అసలు ప్రమాదం. ఆవనూనెలో ఈ గింజల నూనె కలిస్తే కాళ్ళు వాచిపోయి, గుండె దెబ్బతిని మనుషులు పోతారు. 1998లో ఢిల్లీలో అలాగే 60 మందికి పైగా చనిపోయారు. మన వంటల్లో ఆవనూనె వాడకం తక్కువ కాబట్టి ఈ సంగతి మనవాళ్ళకి అంతగా తెలియదు.

ఇక మాట దగ్గరికి వద్దాం. ఈ మొక్క అమెరికా ఖండం నుంచి వచ్చింది, అంటే కొలంబస్ తర్వాతే. పాత ఆయుర్వేద నిఘంటువుల్లో బ్రహ్మదండీ అని ఉంటే అది ఇది అయ్యే వీలే లేదు కదా. అక్కడి బ్రహ్మదండి ట్రైకోలెపిస్ అనే మొక్క అని మందుమొక్కలవాళ్ళు చెబుతారు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు పెరుగుతుంది, అది నిజంగానే థిసిల్ తెగ. మా మెట్ట పొలాల్లో ఇంకోటి కూడా ఉంది, గుండ్రటి బంతిలా తల, తలంతా ముళ్ళు, లేతనీలం కలిసిన తెల్లటి పువ్వులు, ఆకు అడుగున బూజు పట్టినట్టు తెల్లటి నూగు. ఎకినాప్స్ అంటారు. హిందీలో ఊంట్ కటారా, ఒంటెలు తింటాయని ఆ పేరు. దీన్నీ కొందరు బ్రహ్మదండి అంటారు. ఇదీ అసలు థిసిలే. ఒక్క పేరు కింద మూడు మొక్కలు, మనకి ఎక్కువగా తెలిసింది మాత్రం వాటిలో దొంగ సరుకు.

అయితే తప్పు మనదొక్కరిదే అనుకోకండి, ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ పచ్చపూల మొక్కని మెక్సికన్ థిసిల్ అన్నారు. ముల్లు చూస్తే ఎవరికైనా ఒకే పేరు నోటికొస్తుంది.

హైదరాబాద్ నుంచి:
దీనికి జోడీ కథ ఒకటి ఉంది అన్నా. బ్రహ్మకమలం. హిమాలయాల్లో నాలుగు వేల మీటర్ల ఎత్తున, వానాకాలం చివర పూసే అసలు బ్రహ్మకమలం (సాసూరియా) తామర కాదు, ఈ థిసిల్ తెగలోదే, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన బాల్కనీల్లో అర్ధరాత్రి పూస్తే పూజ చేసి, ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. అంటే బ్రహ్మ పేరున్న రెండు థిసిల్ జాతుల పేర్లనీ మెక్సికో మొక్కలే కొట్టేశాయి! మా అత్తయ్యకి ఇది చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రాజమండ్రి నుంచి:
మాది చర్చి ఇల్లు, అందుకే ఇంకో దారిలో చెబుతా. ఇంగ్లీషు బైబిల్లో థిసిల్ వచ్చే చోట్లలో రెండు నాకు కంఠతా వచ్చు. ఆదికాండం మూడో అధ్యాయంలో నేల శపించబడినప్పుడు మొలిచేవి ముండ్ల తుప్పలు, గచ్చపొదలు. మత్తయి ఏడో అధ్యాయంలో అంజూరపు పండ్లు కాయనివి పల్లేరుచెట్లు. ఒకే ఇంగ్లీషు మాటకి ఒకచోట గచ్చ, ఇంకోచోట పల్లేరు. చిన్నప్పుడు అనువాదకులు తడబడ్డారనుకున్నా. తర్వాత తెలిసింది, మత్తయిలో గ్రీకు మాట త్రిబోలోస్, మన పల్లేరు శాస్త్రీయ నామం ట్రైబ్యులస్. ఆ రెండూ ఒకే మాట! సైకిల్ ట్యూబులు పంక్చర్ చేసే మన పల్లేరుకాయే, ఇసక నేలలో పాకే మొక్క. అంటే మనవాళ్ళ పల్లేరు ఇంగ్లీషువాళ్ళ థిసిల్ కంటే మూలానికి దగ్గరగా ఉంది. ఇంగ్లీషు నుంచి చూసి తెలుగులో తప్పు పట్టేవాళ్ళకి ఇది చెప్పాలని ఎప్పటినుంచో ఉంది, ఇవాళ కుదిరింది.

అడిగినవారు:
అబ్బ, భలే చెప్పారు. కానీ నా గాడిదకి పల్లేరు పెట్టలేను, బొమ్మలో మొక్క దాని మెడ దాకా ఉంది.

ఎడిన్‌బరా నుంచి:
అయితే ఇక్కడి మొక్క గురించి నేను చెబుతాను. స్కాట్లాండ్ జాతీయ చిహ్నం ఇదే, రగ్బీ చొక్కాల మీద కూడా ఉంటుంది. పూర్వం నార్వేవాళ్ళు చీకట్లో చెప్పుల్లేకుండా దాడికి వచ్చారట, ఒకడు దీన్ని తొక్కి కెవ్వుమంటే ఇక్కడివాళ్ళు లేచి తరిమారట. కథే అనుకోండి, మీ వంక గట్టు అనుభవంతో చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ఇంతకీ చిహ్నంలో ఉన్నది ఏ థిసిలో ఇక్కడివాళ్ళకే తేలలేదు. బల్లెం థిసిల్ అనేది పశువులు మేసే బీళ్ళలో, రోడ్ల పక్కన జూలై నుంచి ఊదారంగులో పూస్తుంది. ఆవులు చుట్టూ గడ్డి మేసి దాన్ని మాత్రం అలా వదిలేస్తాయి, పొలం మధ్య గొడుగు పాతినట్టు నిలబడి ఉంటుంది. పాకే థిసిల్ అని ఇంకోటి, పీకేకొద్దీ వేరు ముక్క నుంచి మళ్ళీ వస్తుంది, రైతులకి అదే పెద్ద తలనొప్పి. మనిషి ఎత్తు పెరిగి, ఒళ్ళంతా దూది పట్టినట్టు తెల్లగా ఉండేది మూడోది. దాని పేరు ఓనోపోర్డమ్, గ్రీకులో అర్థం... గ్రూపులో పెద్దవాళ్ళు క్షమించాలి... గాడిద పిత్తు. గాడిదలు తింటే అదే ఫలితం అని పాతవాళ్ళ నమ్మకం. మీ కథలో గాడిదకి సరిగ్గా సరిపోయే మొక్క ఇదే.

తాండూరు నుంచి:
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఇంట్లో ఉన్న థిసిల్‌ని మర్చిపోయారు. కుసుమ! నల్లరేగడిలో యాసంగికి వేస్తాం, నూనెగింజ. ఆకుకి ముళ్ళు, పువ్వు కింద ముళ్ళ బుడిపె, పైన కుచ్చు. అచ్చం మీ బొమ్మే, రంగొక్కటే తేడా, మాది పసుపు నుంచి ఎర్రనారింజలోకి తిరుగుతుంది. మా నాయన జొన్న చేనికి, శనగకి చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేసేవాడు, పశువులు లోపలికి రాకుండా. కోతకి వెళ్ళేటప్పుడు చేతులకి గుడ్డలు చుట్టుకునేవాళ్ళం. శాస్త్రం ప్రకారం కూడా థిసిల్ తెగే. పంజాబ్ వైపు దీని అడవి చుట్టం గోధుమ చేలలో కలుపు మొక్క.

అడిగినవారు:
ఇదే కావాలండీ! "అడవి కుసుమ" అంటే ఎలా ఉంటుంది? బొమ్మ ఊదారంగులో ఉంది కాబట్టి మొదటిసారి "ఊదా పూల అడవి కుసుమ" అని రాసి, తర్వాత అడవి కుసుమ అని వదిలేస్తాను. బ్రహ్మదండి మాత్రం వాడను.

గుంటూరు నుంచి:
బాగుంది గానీ, అన్ని ముళ్ళున్న కుసుమ గాడిద తింటుందంటే పిల్లలు నమ్ముతారా?

తాండూరు నుంచి:
లేత ఆకు మేమే కూర వండుకుంటాం సార్. ముల్లు గట్టిపడక ముందు కోయాలి, అంతే. గాడిదకి ఆ మాత్రం తెలియదా.