ల్యాబ్రడార్ పిల్లను కొనాలా, షెల్టర్ కుక్కను తెచ్చుకోవాలా? మధురవాడలో అపార్ట్‌మెంట్

రవి_మధురవాడ

అందరికీ నమస్కారం. మాది విశాఖ మధురవాడలో, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పాప మూడో తరగతి. కుక్కను పెంచుకుందామని ఎప్పట్నుంచో అడుగుతోంది, ఇప్పటికి సరేనన్నాం.

పాపకి ల్యాబ్రడారే కావాలి. ఆన్‌లైన్‌లో చూసి ఒకాయనకి ఫోన్ చేశాను. 35 రోజుల పిల్లలున్నాయట. పేపర్లతో ఒక రేటు, పేపర్లు లేకుండా ఒక రేటు. ఇంటికొచ్చి చూస్తామంటే వద్దన్నాడు. అడ్వాన్స్ పంపిస్తే బీచ్ రోడ్డుకి తెచ్చి ఇస్తాడట. మా ఆవిడేమో ప్రాణాన్ని డబ్బు పెట్టి కొనడమేంటి, షెల్టర్లలో దిక్కులేనివి ఎన్ని లేవు అంటుంది. వీధికుక్క గడప తొక్కితే ఊరుకోనని అమ్మ. కరుస్తుందని, రోగాలు తెస్తుందని ఆవిడ భయం. వీళ్ల ముగ్గురి మధ్యా నాకు టెన్షన్. రెండు రకాలూ పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సీతమ్మధార_ల్యాబ్

రవి గారూ, మా ల్యాబ్ బ్రీడర్ దగ్గర కొన్నదే. శ్రద్ధగా చేసే బ్రీడర్లు ఉన్నారు. మీరు మాట్లాడినాయన మాత్రం ఆ కోవలోకి రాడు. దయచేసి ఆ అడ్వాన్స్ పంపకండి.

కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ అయి ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకి ఏడాదిన్నర నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు, వరసగా రెండు సీజన్లు పిల్లలు పెట్టించకూడదు. 35 రోజులకే తల్లి దగ్గర్నుంచి తీసేస్తే పిల్లకి పళ్లు అదుపులో పెట్టుకోవడం రాదు. తోబుట్టువులతో ఆడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమంటుంది, ఆట ఆగిపోతుంది. అక్కడే నేర్చుకుంటుంది. నేర్చుకోకుండా వచ్చేస్తే ఆ పళ్లు మీ పాప చేతుల మీద పడతాయి.

ఇంటికి రానివ్వట్లేదంటే తల్లిని చూడనివ్వట్లేదని అర్థం. తల్లి ఎముకలు తేలి ఉందా, మనిషిని చూసి బెదురుతోందా, ఎక్కడ పడుకుంటోంది, ఇవన్నీ కళ్లతో చూడాలి. ఇంకో మాట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్లు వంశం చెబుతాయి గానీ ఆరోగ్యం చెప్పవు. ల్యాబ్‌లకి తుంటి కీలు సమస్య తల్లిదండ్రుల నుంచి వస్తుంది కాబట్టి వాటి తుంటి ఎక్స్‌రేలు అడగండి. ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

పెదవాల్తేరు_భారతి

రవి గారూ, షెల్టర్లలో చోటు లేనప్పుడు కొన్ని కుక్కలు మా ఇంట్లో ఉండి, మంచి ఇల్లు దొరికాక వెళ్తుంటాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పొద్దున మీరిద్దరూ బయల్దేరాక సాయంత్రం దాకా ఇంట్లో ఉండేదెవరు? మీ అమ్మగారు. అడిగింది పాపైనా, తెచ్చేది మీరైనా, పగలంతా దానితో గడిపేది ఆవిడే. కాబట్టి కుక్కను ఎంచుకోవాల్సింది ఆవిడ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని. మీ ఇంటికి ల్యాబ్ పిల్లా వద్దు, షెల్టర్ పిల్లా వద్దు. రెండు మూడేళ్ల వయసున్న పెద్ద కుక్కను షెల్టర్ నుంచి తెచ్చుకోండి. నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు.

రెండు నెలల పిల్ల రెండు గంటలకోసారి పాస్ పోస్తుంది. టైల్స్ మీద ఆ తడి మీ అమ్మగారికి ఎంత ప్రమాదమో ఆలోచించండి. నాలుగో నెల దాటాక పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటే చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతుంది. ల్యాబ్ అయితే ఏడాది తిరిగేసరికి 30 కిలోల దాకా పెరుగుతుంది, ప్రేమతో మీదకి దూకినా ఆవిడ పడిపోతారు. ఇక టీకాలు పూర్తికాని పిల్లలు గుంపుగా ఉన్నచోట పార్వో అనే వైరస్ జబ్బు వస్తే రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పోతాయి. నా చేతుల్లోనే పోయినవి ఉన్నాయి. పాప ముందు అది జరగకూడదు.

పెద్ద కుక్క స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆడకుక్క ఉంది. లేత గోధుమ రంగు. ఎడమ చెవి కొన కత్తిరించి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. ఎవరో పెంచి వదిలేసినట్టున్నారు, సిట్ అంటే కూర్చుంటుంది. వంటగది లోపలికి రాదు, గడప మీద గడ్డం ఆనించి నేను కూరలు తరుగుతుంటే చూస్తూ ఉంటుంది. కుక్కర్ విజిల్ వేస్తే లేచి బాల్కనీలోకి పోతుంది, ఆవిరి దిగాక మళ్లీ వచ్చి అక్కడే పడుకుంటుంది. కాలింగ్ బెల్ మోగితే రెండు మొరుగులు మొరిగి ఆగిపోతుంది. పిల్లలు పరిగెడితే మాత్రం గోడవైపు జరుగుతుంది, కాబట్టి మీ పాప దాని దగ్గర నెమ్మదిగా మసలాలి. ఇవన్నీ మీకు ముందే చెప్పగలుగుతున్నాను. రెండు నెలల పిల్ల గురించి ఎంత మంచి బ్రీడరైనా ఇంత చెప్పలేడు.

పెద్ద కుక్కకి ఇబ్బందులు ఉండవని అనను. మొదటి వారాల్లో కొన్ని తిండి ముట్టవు, మంచం కింద నుంచి రావు. దీపావళి, నేవీ విన్యాసాల విమానాలు, రెండింటికీ వణికిపోతాయి. మన ఉక్కపోతలో గోమార్లు ఎక్కువ, వాటివల్ల టిక్ ఫీవర్ వస్తుంది. ఇంటికి తెచ్చే ముందే రక్తపరీక్ష చేయించండి, టీకాల కార్డు, ఆపరేషన్ వివరాలు అడిగి తీసుకోండి.

అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆవిడ తరం రేబిస్‌ని చూసింది. అది జాతిని బట్టి రాదు, టీకా లేకపోతే ల్యాబ్‌కైనా వస్తుంది. మీ కుక్కకి ప్రతి ఏడాదీ టీకా వేయించండి. జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఎక్కడైనా ఏ కుక్కైనా కరిస్తే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

జాలేసింది కదా అని వీధిలో తిరిగే పెద్ద కుక్కను పట్టుకొచ్చి ఫ్లాట్‌లో పెట్టకండి. దానికి ఆ వీధే ఇల్లు. వీధికుక్కల మీద కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల్లోనూ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్నచోటే వదలాలని ఉంది. ఇల్లు అలవాటై, దాన్ని పోగొట్టుకున్న వాటికే మన ఇల్లు అవసరం. మూగజీవాల సంరక్షణ సంస్థ విశాఖ ఎస్‌పీసీఏ 1996 నుంచి పనిచేస్తోంది, ముందు అక్కడ అడగండి. ఒక్కసారి చూసి తేల్చుకోవద్దు, వేరే వేరే వేళల్లో వెళ్లి అదే కుక్కతో కాసేపు కూర్చోండి.

ఎంవీపీ_సెక్టార్

భారతి గారితో ఏకీభవిస్తున్నాను. అసోసియేషన్ వాళ్లు అడ్డం చెబితే కంగారు పడకండి. పెంపుడు జంతువులను నిషేధించకూడదని, లిఫ్ట్ వాడనివ్వాలని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని కాగితం పట్టుకుని గొడవకి దిగొద్దు. బెల్టు లేకుండా కిందకి తేకపోవడం, మలం మనమే ఎత్తడం, ఈ రెండూ చేస్తే సగం మంది మాట్లాడరు. వేసవిలో పొద్దున 7 లోపే తిప్పండి, తారురోడ్డుకి పాదాలు కాలిపోతాయి.

రవి_మధురవాడ

అందరికీ ధన్యవాదాలు. అడ్వాన్స్ పంపట్లేదు. భారతి గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఆ గడప దగ్గర పడుకునే కుక్క గురించి రెండోసారి చదవమంది. తర్వాత ఒక్కటే అడిగింది: మా ఇంట్లో గుడ్డు కూడా వండం, మరి దానికి ఏం పెట్టాలని. పాప ఇంకా ల్యాబ్ అనే అంటోంది.

పెదవాల్తేరు_భారతి

మీరు వండక్కర్లేదు. కుక్కల కోసం తయారయ్యే పొడి ఆహారం పెట్టండి, మాంసం అందులోనే ఉంటుంది. డబ్బా బాల్కనీలో పెట్టుకుంటే మీ వంటింట్లోకి రానేరాదు. అన్నం, పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ కొంచెం కలపొచ్చు. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే మాత్రం మాంసకృత్తులు చాలవు, బొచ్చు రాలి నీరసపడుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉన్న సాంబారు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అస్సలు పెట్టకూడదు. కిస్‌మిస్ సంగతి అమ్మగారికి ప్రత్యేకంగా చెప్పండి, ప్రసాదంలో ఉంటుంది కదా, చేతిలో ఉన్నది పెట్టేస్తారు.

ఆదివారం సాయంత్రం అందరూ మా ఇంటికి రండి, అడ్రస్ మెసేజ్ చేస్తాను. ముందు అమ్మగారిని కుర్చీలో కూర్చోబెడదాం. ఎవరూ చెయ్యి చాపొద్దు, దాని కళ్లలోకి చూడొద్దు, దానంతట అదే వచ్చి వాసన చూస్తుంది. పాపని ల్యాబ్ మర్చిపొమ్మని ఒత్తిడి చేయకండి, ఒక కుక్కను చూడ్డానికి వెళ్తున్నామని మాత్రం చెప్పండి. మీలో ఏ ఒక్కరికి నచ్చకపోయినా మొహమాటపడకుండా చెప్పేయండి, వేరేవి కూడా ఉన్నాయి, చూపిస్తాను.