4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డుకి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై) చాలా, 850 కావాలా? (బెంగళూరు)

మారతహళ్ళి_మేడమీద:
కొత్త పీసీ కడుతున్నా: రైజెన్ 7 7700 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, 32 జీబీ ర్యామ్, రెండు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు, ఒక పాత హార్డ్ డిస్క్. ఎస్పీ రోడ్ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపువాళ్ళు 850 గోల్డ్‌కి (కరెంటు తక్కువ వృథా చేసే గ్రేడు) తగ్గొద్దంటున్నారు. పక్క షాపులో క్యాబినెట్ కొంటే "600 వాట్ల" ఎస్ఎంపీఎస్ ఊరికే ఇస్తారట. 650 బ్రాంజ్ (గోల్డ్ కంటే కింది గ్రేడు) చాలదా? పాత మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీయగల) ఎస్ఎంపీఎస్‌వి, డిస్కులకి కరెంటిచ్చే సాటా కేబుళ్ళున్నాయి, అవే వాడొచ్చా? ఇంకోటి, అద్దె ఇల్లు. పాత క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. అది ఎస్ఎంపీఎస్ లోపమేనా? ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంది.

పన్నెండు_వోల్టులు:
లెక్క వేసుకుందాం. కార్డు 220 వాట్లు. 7700 పేరుకి 65 వాట్లే గానీ ఫుల్ లోడులో 88 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి 60 వేయండి. మొత్తం 370 లోపే. ఎన్విడియా చెప్పేది కూడా 650యే. కాబట్టి 650 చాలు. 850 తీసుకుంటే నష్టమేం లేదు, తర్వాత పెద్ద కార్డు వేసే ఉద్దేశం ఉంటే.

ఆ ఫ్రీ డబ్బా సంగతి: దాని స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. సీపీయూ, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. నిజమైన 650లో దాదాపు 54 ఆంపియర్లుంటాయి. 12తో గుణిస్తే 648. ఆ గడిలో 20 అని ఉందంటే, డబ్బా మీద ఎంత పెద్ద అంకె రాసినా అది 240 వాట్ల సరుకే.

కోలార్_కోడర్:
నేను మాత్రం గోల్డ్‌కే ఓటేస్తా. కరెంటు బిల్లు కలిసొస్తుంది కదా?

పన్నెండు_వోల్టులు:
బిల్లు కోసమైతే వద్దు బ్రో. లోపల 300 వాట్ల లోడుంటే, 88 శాతం ఎఫిషియెన్సీ ఉన్న బ్రాంజ్ గోడ నుంచి 341 తీసుకుంటుంది, 92 శాతం గోల్డ్ 326. తేడా 15 వాట్లు. రోజుకి ఆరు గంటల చొప్పున ఏడాదికి 33 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా 200 దాటదు. పైగా 80 ప్లస్ (ఈ బ్రాంజ్, గోల్డ్ గ్రేడులు) అనేది ప్రధానంగా ఎఫిషియెన్సీ ముద్ర. 12 వోల్టుల మీద రిపుల్ (వోల్టేజీలో చిన్న హెచ్చుతగ్గులు) 120 మిల్లీవోల్టుల లోపు ఉందా, ఓవర్‌లోడైతే తనంతట తాను ఆగుతుందా అన్నవి ఆ ముద్ర చెప్పదు. వాటికి ఆ మోడల్‌ని విప్పి, లోడు పెట్టి కొలిచిన రివ్యూ చదవాలి. ఐదేళ్ళకి తగ్గని వారంటీ కూడా చూసుకోండి.

కేబుల్_కట్ట:
పాత సాటా కేబుళ్ళు ముట్టుకోకండి! డిస్కు వైపు కొస అందరిదీ ఒకటే గానీ, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకి ప్రమాణం లేదు. ఒకే కంపెనీలో రెండు సిరీస్‌ల మధ్య కూడా మారిపోవచ్చు. గుచ్చితే చక్కగా పడుతుంది, కానీ 5 వోల్టుల తీగలోకి 12 వచ్చిందంటే డిస్కు బోర్డు క్షణంలో పోతుంది, డేటాతో సహా.

మీ కార్డుకి 16 పిన్నుల సాకెట్ ఉంటే ఏటీఎక్స్ (పీసీ పవర్ సప్లైల ప్రమాణం) 3.0 లేదా 3.1 రకం తీసుకోండి, అడాప్టర్ బాధ ఉండదు. కార్డులు క్షణకాలం రేటింగ్ దాటి లాగుతుంటాయి. 450 వాట్లు దాటి ఈ కనెక్టర్ ఉన్న 3.0 సప్లై 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడు తట్టుకోవాలన్నది నిబంధన. పాతవాటిలో గేమ్ మధ్యలో పీసీ ఠక్కున ఆరిపోయేది చాలాసార్లు అందుకే. కనెక్టర్‌ని సందు కనబడనంత లోపలికి నొక్కి, మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు వంచకుండా వదలండి. సగం దిగితే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కార్డుకి రెండు 8 పిన్నుల సాకెట్లుంటే విడివిడిగా రెండు కేబుళ్ళు లాగండి. ఒకే కేబుల్‌కి ఉన్న రెండో కనెక్టర్‌తో సరిపెట్టొద్దు.

చిత్తూరు_ఎర్తింగ్:
అసలు ప్రమాదం పోస్టు చివర్లో దాచారు మీరు. జివ్వుమనడం ఎస్ఎంపీఎస్ లోపం కాకపోవచ్చు, ముందు ఎర్త్ చూడండి. లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ తెగితే బాడీ 230కి నడుమ, 115 వోల్టుల దగ్గర తేలుతుంది. ఆ స్థితిలో టీవీకి హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు పోయే అవకాశం ఉంది.

మల్టీమీటర్ ఏసీలో పెట్టి సాకెట్ చూడండి. ఫేజ్-న్యూట్రల్ 230, ఫేజ్-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు రావాలి.

మారతహళ్ళి_మేడమీద:
చూశానండి. ఫేజ్-న్యూట్రల్ 232. ఫేజ్-ఎర్త్ 90, 140 అంటూ ఊగుతోంది. ఎలక్ట్రీషియన్ సాకెట్‌లోనే న్యూట్రల్, ఎర్త్ కలిపేస్తానంటున్నాడు.

చిత్తూరు_ఎర్తింగ్:
ఒప్పుకోకండి. రేపు న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే క్యాబినెట్ మొత్తం 230 వోల్టులవుతుంది. మీ రీడింగ్‌ని బట్టి ఎర్త్ తీగ ఎక్కడో తెగింది. మీటర్ బోర్డు నుంచి మీ గది దాకా ఎక్కడ తెగిందో వెతికించండి. దొరక్కపోతే ఓనర్‌తో మాట్లాడి కొత్త తీగ లాగించాలి. అప్పటిదాకా కొత్త పీసీ ఆన్ చేయకండి.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ అయితేనే కలపండి. వెనక స్విచ్చు యూపీఎస్ మోడ్‌లో ఉండాలి, లేదంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు పీసీ రీస్టార్ట్ కావచ్చు. ఫుల్ లోడులో గోడ నుంచి మానిటర్‌తో కలిపి 450 వాట్లు పోతాయి. ఇన్వర్టర్ మీద రాసిన వీఏ కాదు, వాట్లు చూడండి. ఫ్యాన్లు, లైట్లు కూడా దాని మీదే ఉంటాయి కదా.