అప్‌డేట్: రెండో సిలిండర్ మిస్‌ఫైర్‌కి కారణం దొరికింది

ఐడిల్‌లో (బండి ఆగి, యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఇంజిన్ వణుకుతోందని, చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0302 కోడ్ (రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండట్లేదని, అంటే మిస్‌ఫైర్ అని అర్థం) వస్తోందని ముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే రెండో సిలిండర్ కాయిల్‌ని (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) మూడోదానికి మార్చాను. కోడ్ పీ0303కి మారితే కాయిలే దోషి. మారలేదు. ప్లగ్ మార్చి చూసినా అంతే. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగానే ఉంది.

దారి చూపింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే గాలికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (నేర్చుకుని ఉంచుకున్న సర్దుబాటు) కలిపి ఐడిల్‌లో +22 శాతం, 2500 ఆర్‌పీఎం దగ్గర +4 మాత్రమే. ఇంధన పంపు బలహీనపడితే లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. ఇలా తగ్గిందంటే ఎక్కడో లీకులోంచి దొంగగాలి (కంప్యూటర్ లెక్కలోకి రాని గాలి) వస్తున్నట్టే, ఎందుకంటే ఐడిల్‌లో లోపలికి వెళ్లే మొత్తం గాలే తక్కువ, చిన్న లీకు కూడా అందులో పెద్ద వాటా అవుతుంది. స్మోక్ టెస్ట్ (గాలి వెళ్లే దారిలోకి పొగ పంపి లీకు వెతకడం) చేయిస్తే రెండో రన్నర్ (రెండో సిలిండర్‌కి గాలి తీసుకెళ్లే గొట్టం) దగ్గర ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ నుంచి పొగ బయటికొచ్చింది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతకొద్దు, నిప్పంటుకుంటుంది.

గ్యాస్కెట్ మార్చి, బోల్టులు మధ్య నుంచి అంచులకు, మాన్యువల్‌లోని టార్క్‌కి బిగించాక ట్రిమ్ +3కి దిగింది, వణుకు పోయింది. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడినప్పటి ఇంజిన్ రీడింగులు) తప్పకుండా రాసుకోండి. చెరిపితే అదీ పోతుంది. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి నడపొద్దు: కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే భాగం) కరిగించేస్తుంది.