బాడుగకిచ్చిన ఇంట్లో ఎర్రచందనం దొరికింది, పాడైన ఇంటికి డబ్బులు ఎవరు కట్టాలి?

మంగళం ఇంటాయన
తిరుపతి మంగళం వైపు నాకొక ఇల్లుంది. కింద రెండు గదులు, హాలు, వెనక రేకుల షెడ్డు, మినీ లారీ లోపలికి వచ్చేంత గేటు. పైన ఇంకో పోర్షను. దీపావళి అయిన వారానికి కింది పోర్షను, షెడ్డు కలిపి ఒకాయనకు బాడుగకిచ్చాను. మామిడికాయల వ్యాపారం, షెడ్డులో ట్రేలు పెట్టుకుంటాం, పనికుర్రాళ్లు లోపల పడుకుంటారు అన్నాడు. పదకొండు నెలల అగ్రిమెంటు, ఆధార్ జిరాక్సు, 50 వేలు అడ్వాన్సు, అన్నీ పద్ధతిగానే జరిగాయి.

పోయిన నెల తెల్లవారుజామున పోలీసులు రైడు చేశారు. వెనక తలుపు పగలగొట్టి లోపలికి పోతే షెడ్డులో కొన్ని దుంగలు, బెడ్రూములో గొయ్యి తవ్వి అందులో కొన్ని. గొయ్యి మీద ప్లైవుడ్డు, దాని మీద చాప, పైన మంచం. దుంగలు ఎత్తి పడేసినందుకు హాల్లో టైల్స్ అన్నీ పగిలాయి. బాడుగవాళ్లు తవ్విన మట్టి బాత్రూములో పోసి పైపులు పూడ్చేశారు. గోడ పక్కనే తవ్వడంతో కింది నుంచి పై దాకా పగులు. మోటారు కాలిపోయింది, కరెంటు బిల్లు కట్టలేదు. మేస్త్రీ 3 లక్షల 80 వేలు అవుతుందన్నాడు. అగ్రిమెంటు రాసినాయన రిమాండులో ఉన్నాడు, ఇంట్లోవాళ్లు ఫోన్ ఎత్తరు. ఈ డబ్బు నాకెవరిస్తారు? నా ప్రశ్న ఇంతే, నీతులు వద్దు.

లీలామహల్ షట్టర్
ముందు ఆ తలుపు సంగతి తేల్చండి. మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది కదా. మిమ్మల్ని పిలిచి తెరిపించకుండా పగలగొట్టే హక్కు ఎవరిచ్చారు? మా అన్న షట్టరు కూడా ఇట్లాగే లేపేశారు, చివరికి అది పక్క షాపు మీద వచ్చిన కంప్లయింటు. ఆ షట్టరు డబ్బులు ఇప్పటికీ రాలేదు.

కొర్లగుంట
అడ్వాన్సు తిరిగి ఇవ్వకండి. అంతే.

మంగళం ఇంటాయన
అడ్వాన్సు పోను ఇంకా 3 లక్షల 30 వేలు ఉంది సామీ. లెక్క చూడండి.

గ్రీమ్స్‌పేట పెద్దాయన
రిటైరయ్యి చిత్తూరులో ఉంటున్నాను. నా మిద్దె మీద గది ఒక పెద్దమనిషికి ఇచ్చాను, ఫైనాన్సు ఆఫీసు అన్నాడు. చీకటి పడేసరికి బండ్లు వరసగా నిలబడేవి. తీరా చూస్తే పేకాట. పోలీసులొచ్చి పట్టుకుపోయారు, నన్నూ స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టారు. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం ఓనరు తెలిసి ఒప్పుకుంటే ఓనరు మీద కూడా కేసేనట. నాకు తెలియదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈరోజుకీ మా వీధిలో ఆటోవాళ్లకు అడ్రసు చెప్పాలంటే పేకాట మిద్దె అంటారు. అందుకే చెబుతున్నా, బయటివాళ్లకు ఇవ్వకూడదు. ముఖ్యంగా ఈ చందనం కొట్టే పనికి వచ్చేది అవతలి రాష్ట్రంవాళ్లు, వాళ్లకు అసలే ఇవ్వకూడదు.

రేణిగుంట బ్యాచిలర్
పెద్దాయనా, మీ మిద్దె మీద పేకాట ఆడింది ఏ రాష్ట్రంవాళ్లు?

గ్రీమ్స్‌పేట పెద్దాయన
అది వేరే విషయం.

మంగళం ఇంటాయన
అగ్రిమెంటు రాసినాయన మన పక్క జిల్లా మనిషే. లోపల దొరికిన కూలీలు మాత్రం తమిళనాడులో తిరువణ్ణామలై వైపు కొండలవాళ్లు.

రేణిగుంట బ్యాచిలర్
అదీ కత. అడవిలో గొడ్డలి పట్టేది వాళ్లు, చచ్చేదీ వాళ్లే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది కూలీలను కాల్చి చంపారు, అందులో దుంగ అమ్ముకుని మేడ కట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఇల్లు బాడుగకు తీసుకునేది, లారీ పెట్టేది, డబ్బు తినేది ఇక్కడి మనుషులు. మీరేమో భాష చూసి తలుపేస్తారు.

నల్లకోటు చిత్తూరు
అడిగినదానికి జవాబు చెబుతాను. నష్టం కట్టాల్సింది బాడుగకు తీసుకున్న మనిషే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్లో ఉంది. ఏ పనికని తీసుకున్నాడో ఆ పనికే వాడాలి, కట్టడాన్ని పాడు చేయకూడదు, మామూలు అరుగుదల తప్ప ఎట్లా తీసుకున్నాడో అట్లా అప్పగించాలి. క్రిమినల్ కేసు దారి దానిది, మీ డబ్బు దారి దీనిది. ఆ కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు, కానీ మూడేళ్లు దాటనివ్వొద్దు. ముందు లాయరు నోటీసు, తర్వాత సివిల్ దావా. రిపేరు మొదలుపెట్టకముందే ఫోటోలు, వీడియో తీయించండి, మేస్త్రీ అంచనా కాగితం మీద సంతకంతో తీసుకోండి. గొయ్యి ఇంకా కేసుకు అవసరమేమో దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడిగాకే పూడ్చండి. పంచనామా నకలుకు కోర్టులో దరఖాస్తు పెట్టండి, గొయ్యి ఎవరు అక్కడుండగా బయటపడిందో అందులో ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో సోదా మొత్తం వీడియో తీయాలని ఉంది కాబట్టి అదీ పనికొస్తుంది.

ఇల్లు జప్తు చేస్తారేమో అని భయపడొద్దు. మన రాష్ట్ర ఫారెస్టు చట్టం 44వ సెక్షన్ కింద పోయేవి కలప, వాహనాలు, పనిముట్లు లాంటివి. ఇల్లు ఆ లెక్కలోకి రాదు.

లీలామహల్ షట్టర్
తలుపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు లాయరుగారూ.

నల్లకోటు చిత్తూరు
లోపలున్నవాళ్లు తెరవకపోతే పగలగొట్టే అధికారం చట్టంలోనే ఉంది. దాని ఖర్చు కూడా బాడుగ మనిషి మీదే వేసుకోవాలి. ఆ తలుపు ఎంత, 18 వేలా? మిగతా మూడున్నర లక్షలు చూడండి.

లీలామహల్ షట్టర్
18 వేలు మీకు చిన్నదేమో. తప్పు చేయనివాడి తలుపు పగలగొట్టడం సూత్రం ప్రకారం తప్పా కాదా? దీనికి సూటిగా ఎవరూ మాట్లాడరు.

తిరుచానూరు అక్క
నాకు నాలుగు పోర్షన్లున్నాయి. ఒకటో తేదీన బాడుగకు నేనే పోతాను, ఫోన్లో డబ్బులు వేస్తామన్నా సరే. లోపలికి పోయి మంచినీళ్లు అడుగుతాను, ఆ వంకన వంటిల్లు, బాత్రూము, పెరడు చూసొస్తాను. అన్నా, మీరు ఒక్కసారైనా లోపలికి పోయినారా? గొయ్యి తవ్వితే పైనున్నవాళ్లకు చప్పుడు రాలేదా?

మంగళం ఇంటాయన
పైన ఖాళీ అక్కా. నేను ఉండేది బైరాగిపట్టెడలో. మనిషికి ఇల్లు ఇచ్చాక మాటిమాటికీ పోయి తొంగిచూడటం మర్యాదా? ఇదే చర్చలో రేపు ఎవరో వచ్చి ఓనర్లు ప్రైవసీ ఇవ్వరని ఏడుస్తారు.

రేణిగుంట బ్యాచిలర్
నేనే ఆ ఏడ్చేవాణ్ణి. మా ఓనరు చెప్పకుండా వచ్చి ఫ్రిజ్ తెరిచి గుడ్లున్నాయా అని చూసేవాడు. ఖాళీ చేసేటప్పుడు పెయింటు పేరు చెప్పి అడ్వాన్సు మొత్తం మింగేశాడు, గోడకు కొట్టిన మేకులు రెండే.

సరే అది వదిలేయండి. సార్, నాకొక డౌటు. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మామిడితోటల మధ్యనే పెరిగాను. తోతాపురి మే చివర మొదలై జూలైకి, మహా అయితే ఆగస్టుకు అయిపోతుంది. మీరు ఇల్లిచ్చింది దీపావళి తర్వాత. అప్పటికి చెట్టుకు పూత కూడా రాదే, ఆయన ట్రేలలో ఏం పెట్టుకుంటానన్నాడు?

పేరూరు
😂😂

మంగళం ఇంటాయన
వ్యాపారస్తులు సీజనుకు ముందే షెడ్డు మాట్లాడి పెట్టుకుంటారు నాయనా. నీకు వ్యాపారం తెలియదు.

తిరుచానూరు అక్క
ఆరు నెలల ముందు ఖాళీ షెడ్డుకు బాడుగ కట్టే మామిడి వ్యాపారిని నేనెక్కడా చూడలేదు. బాడుగ ఎంతన్నా?

మంగళం ఇంటాయన
అది ఇక్కడ అవసరం లేదు. నష్టపోయిందెవరు, బోనులో నిలబెట్టేదెవరిని?

నల్లకోటు చిత్తూరు
అవసరమే. నేను అవతలి పార్టీ లాయరునైతే మొదట అడిగేది అదే. అక్క అడిగిన ఇంకో ప్రశ్న కూడా వాళ్లు వదలరు. అదే 108వ సెక్షన్లో, సమంజసమైన వేళల్లో ఓనరు లోపలికి వెళ్లి ఇంటి పరిస్థితి చూసుకోవచ్చని, తన వల్ల పాడైనదేమైనా ఉంటే నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో బాడుగ మనిషి బాగు చేయించాలని ఉంది. హక్కు ఉండీ ఒక్కసారి కూడా ఎందుకు పోలేదంటారు. చెప్పకుండా వచ్చి ఫ్రిజ్ తెరవడం మాత్రం ఈ హక్కులోకి రాదు, అది తమ్ముడి కోసం చెబుతున్నా.

మంగళం ఇంటాయన
28 వేలు. సంతోషమా?

కొర్లగుంట
మంగళంలో అంత ఇల్లు 12కే వస్తుంది కదన్నా.

మంగళం ఇంటాయన
అగ్రిమెంటులో 12 అనే ఉంది. మిగతాది చేతికిచ్చేవాడు. ఏం, ఎవరూ చేయడం లేదా తిరుపతిలో? ఈ ఇంటి మీద లోను కంతు నెలకు 22 వేలు. ఆయనకు ఇవ్వకముందు ఏడాదిగా ఖాళీగా ఉండింది. ఒకాయన వచ్చి అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానంటే ఎందుకిస్తున్నావని గొంతు పట్టుకుని అడుగుతామా? బియ్యం అమ్మేవాడు కొనేవాణ్ణి ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతాడా? మీకు ఇల్లుండి, కంతు కట్టాల్సొచ్చి ఉంటే తెలిసేది.

రేణిగుంట బ్యాచిలర్
అడగరు సార్, అదే నేను చెప్పేది! 8 వేల గదికి నేను పోతే కులం అడుగుతారు, ఊరు అడుగుతారు, నాన్న ఏం చేస్తాడు, చికెన్ వండుతావా, ఫ్రెండ్స్ వస్తారా, రాత్రి డ్యూటీ ఎందుకు. కంపెనీ ఐడీ కార్డు, శాలరీ స్లిప్పు, ఊళ్లో ఎవరైనా తెలిసినవాళ్ల ఫోన్ నంబరు. మూడు వీధులు తిరిగితే ఫ్యామిలీలకే అన్న బోర్డులు. అదే రెండింతలకు పైన బాడుగ చేతిలో పెట్టేవాణ్ణి మాత్రం దీపావళికి మామిడికాయలెక్కడివని కూడా అడగలేదు. మీకు తెలియక కాదు, తెలుసుకోవాలనిపించలేదు, అంతే.

మంగళం ఇంటాయన
మర్యాదగా మాట్లాడు. నేను దొంగనంటున్నావా? పోలీసులే నన్ను స్టేట్‌మెంటు రాసుకుని పంపించేశారు. అడవి నుంచి దుంగ దిగి, రోడ్డెక్కి, చెక్‌పోస్టు దాటి నా ఇంటిదాకా వచ్చింది. దారిలో జీతం తీసుకుంటూ ఒక్కడూ పట్టుకోలేదు. ఆఖర్న ఇల్లున్న పాపానికి నేను డిటెక్టివ్ పని చేయాలా? అడిగి తెలుసుకోవడం నా డ్యూటీనా వాళ్ల డ్యూటీనా? ఇది చెప్పండి ముందు.

గ్రీమ్స్‌పేట పెద్దాయన
ఈ మాటతో నేను ఏకీభవిస్తున్నాను. నన్ను స్టేషన్లో కూర్చోబెట్టినప్పుడు నేనూ ఇదే అడిగాను. మీ బీటు కానిస్టేబులుకు కనపడని బండ్లు నాకెట్లా కనపడాలి అని.

తిరుచానూరు అక్క
మీకు కనపడినాయి కదా పెద్దాయనా, చీకటి పడితే వరసగా బండ్లు అని మీరే రాశారు.

గ్రీమ్స్‌పేట పెద్దాయన
ఫైనాన్సు ఆఫీసు అన్నాడమ్మా.

పేరూరు
ఇన్సూరెన్సు లేదా అన్నా? నేను 2021 నవంబరు వరద తర్వాత చేయించాను. పాలసీలో ఏమేమి వస్తాయో చదువుకోండి.

మంగళం ఇంటాయన
బ్యాంకువాళ్లు లోనుతో పాటు ఏదో చేశారు. అడిగితే బాడుగవాళ్లు చేసిన నష్టం రాదన్నారు.

నల్లకోటు చిత్తూరు
డ్యూటీ ఎవరిది అన్నదానికి నా మాట. మీరు పోలీసు కానక్కర్లేదు. చట్టం చూసేది మీకు తెలుసా లేదా అనే. ఇదే ఇంట్లో గంజాయి దొరికి, మీకు తెలిసే ఇచ్చారని తేలి ఉంటే 1985 నాటి మత్తుమందుల చట్టం 25వ సెక్షన్ కింద మీకూ వాళ్లకు పడే శిక్షే. తెలియదని చెప్పుకునేటప్పుడు చేతికి తీసుకున్న ఆ 16 వేలు మీకు అడ్డం వస్తాయి. అగ్రిమెంటులో ఒకటి, చేతిలో ఒకటి ఉన్నప్పుడు ఓనరుకు ఏమీ తెలియదంటే ఏ జడ్జికైనా నమ్మబుద్ధి కాదు. దావా వేయొద్దని కాదు. గోడ పగులు నిజం, గొయ్యి నిజం, తవ్వినవాడు కట్టాల్సిందే. ఈ ప్రశ్నలు వస్తాయని తెలిసి వేయండి.

లీలామహల్ షట్టర్
ఇంత మాట్లాడారు, తలుపు మాత్రం ఎవరికీ పట్టలేదు.

రేణిగుంట బ్యాచిలర్
అన్నా, తలుపు డబ్బులు నేనిస్తా, ఆ మాట వదిలేయ్.

మంగళం ఇంటాయన
ఎక్కువ బాడుగ తీసుకోవడం నేరమని ఏ సెక్షన్లో ఉందో ఎవరూ చూపించలేదు, గమనించండి. నోటీసు పంపిస్తాను. మనిషి జైల్లో ఉంటే ఎక్కడికి పంపాలి?

నల్లకోటు చిత్తూరు
నోటీసు ఆధార్‌లో ఉన్న ఇంటి అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. దావా వేశాక అప్పటికీ లోపలే ఉంటే సమన్లు జైలు అధికారి ద్వారా అందుతాయి, దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దారి ఉంది.

మంగళం ఇంటాయన
ఆ 28 వేల సంగతి దావాలో రాయాలా?

నల్లకోటు చిత్తూరు
మీరు రాయకపోతే వాళ్లు రాస్తారు.