తిరుపతిలో బోర్డ్ గేమ్ షాపుకి పేరు, గుర్తు, బోర్డు

పాచికలబ్బాయి
ఎయిర్ బైపాస్ రోడ్డులో, మొదటి అంతస్తులో 400 చదరపు అడుగుల షాపు తీసుకున్నాం. బోర్డ్ గేములు, పాచికల సెట్లు, కార్డులు, రంగులేసుకునే చిన్న బొమ్మలు అమ్ముతాం. ఆడుకోడానికి 4 టేబుళ్లు. మామూలు రోజుల్లో కాలేజీ పిల్లలు, ఆదివారాలు అమ్మానాన్నలతో చిన్నపిల్లలు వస్తారని అంచనా. డ్రాగన్లు, మంత్రగాళ్ల లోకంలా కనబడాలి. పేరులో 'టావెర్న్' పెట్టి, 20 ముఖాల పాచికని డ్రాగన్ చుట్టుకున్నట్టు లోగో గీయిద్దామని ఉంది. బోర్డు 12 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

కలంగీత
టావెర్న్ అని పెట్టబాకన్నా. తెలుగులో రాస్తే సగం మందికి అర్థమే కాదు, అర్థమైనోళ్లకి అది మందు కొట్టు. యాత్రికుల ఊళ్లో పిల్లోళ్లని ఆ మెట్లు ఎవురెక్కనిస్తారు? 'గేమింగ్' అన్నా రమ్మీ క్లబ్బే గుర్తొస్తాది. పేరు ఏదైనా సరే, కింద 'బోర్డ్ గేములు, పాచికలు, కార్డులు' అని ఒక లైను ఉండాల్సిందే.

ఇంక లోగో. 20 ముఖాల పాచికని ఒక ముఖం మనవైపు తిప్పి చూస్తే బయట షడ్భుజి, లోపల 12 గీతలు, మొత్తం 10 ముఖాలు కనబడతాయి. ఫోన్‌లో ప్రొఫైల్ బొమ్మంత చేస్తే ఆ గీతలన్నీ కలిసిపోయి నల్ల ముద్ద అవుతాది. దాని మీద డ్రాగన్ కూడానా! చిన్న సైజుకి షడ్భుజి, నడిమి త్రికోణం మాత్రం ఉంచి మిగతా గీతలు తీసెయ్యండి.

ఆ త్రికోణం దగ్గిర ఆగి ఆలోచించండి. పులిజూదం పటం పైభాగం కూడా త్రికోణమే గదా. 3 పులులు, 15 మేకలు, మన అరుగుల మీద గీసుకొని ఆడిందే. పాచిక నడిమి త్రికోణం మూడు మూలల్లో మూడు చుక్కలు పెడితే అవే పులులు. తెలిసినోళ్లు నవ్వుకుంటారు, తెలీనోళ్లకి పాచికే. 'జూదం' అనే మాట మాత్రం పేరులోకి రానీబాకండి.

డ్రాగన్ కావాలంటే గోడ మీద పెద్దగా వేయించండి. విజయనగరం కాలం మండపాల్లో స్తంభాల మీదుండే యాళి (సింహం మాదిరుండే ఊహా జంతువు) ఇంకా బాగుంటాది, దాన్ని కాళహస్తి కలంకారీ గీతలో గీయించండి. లావుగా మొదలై సన్నబడే నల్ల గీతే దానికి ప్రాణం. ఒకే మందంలో గీస్తే స్టిక్కరు మాదిరి ఉంటాది.

ఏసీపీ మేస్త్రి
బోర్డు సంగతి చెప్తా. 10 అడుగుల దూరానికి 1 అంగుళం అక్షరం అనేది పనికొచ్చే లెక్క. రోడ్డు అవతల 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు తక్కువలో తక్కువ. తెలుగులో పైన గుడి, కింద వత్తు కలిస్తే మొత్తం ఎత్తు అక్షరానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ 36 అంగుళాల్లో పేరుకి 16 (అసలు అక్షరం 10), ఖాళీ 4, కింది లైనుకి 5, మిగతాది అంచులు. వత్తుల్లేని పేరైతే అక్షరం ఇంకా పెంచొచ్చు. బోర్డు మీద తెలుగు ఎలాగూ తప్పనిసరి, కాబట్టి ఇంగ్లీషు లోగో గీయించి దానికి తెలుగు అతికించకండి.

3డీ లెటర్లలో అసలు చిక్కు వేరే ఉంది. విడిగా నిలబడే వత్తు, తలకట్టు ఒక్కోటీ ఒక్కో ముక్క. ప్రతి ముక్కకీ వేరే వైరు, వేరే లైటు. ఒక వత్తు ఆరిపోతే రాత్రి పేరే మారిపోతుంది. అందుకని ఏసీపీ షీటులో (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) అక్షరాలు కట్ చేసి, వెనక పాల రంగు అక్రిలిక్ వేసి, మొత్తాన్ని ఒకే లైట్ బాక్సు చేయించండి. అక్షరాల లోపలి ముక్కల్ని అక్రిలిక్ మీదే అతికిస్తారు. 0.72 వాట్ల ఎల్‌ఈడీ మాడ్యూళ్లు 150 పడితే 108 వాట్లు. 150 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లైట్లకి కరెంటు అందించే పెట్టె) వేయించండి, 120ది వేస్తే వేడెక్కి ముందే పోతుంది.

కలంగీత
రంగులు కూడా కలంకారీ నుంచే తీసుకోవచ్చు: ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే నలుపు, మొక్క వేళ్ల నుంచి తీసే ఎరుపు, నీలిమందు, గుడ్డ మీగడ రంగు. నాలుగు చాలు. ప్రింటింగులో నీలం ఊదా అయిపోకుండా సయాన్ (నీలం సిరా) 100 శాతం ఉంటే మెజెంటా (గులాబీ సిరా) 70 దాటనీబాకండి. ఎండ పడే బోర్డుకి ఎరుపు తగ్గించండి, ఫ్లెక్సు మీద ముందు వెలిసేది అదే.

పాచికలబ్బాయి
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. గోపురం నీడ వెనకాల వేస్తే ఊరి గుర్తు ఉంటుందనుకున్నాం. వద్దా?

క్లాస్ 35
గోపురం, నామం, శంఖచక్రాలు ఏవీ వద్దు. మతపరమైన మనోభావాలు నొచ్చుకునే గుర్తుల్ని ట్రేడ్ మార్క్స్ చట్టం 1999, సెక్షన్ 9(2) కింద తిరస్కరిస్తారు. అంతకంటే ముందు వీధిలోనే గొడవ మొదలవుతుంది. డ్రాగన్ ఎవరి సొత్తూ కాదు గానీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట లోగో తీరు, అందులో బిహోల్డర్ అనే, నడిమి పెద్ద కన్ను, తల మీద కాడలకి చిన్న కళ్లు ఉండే జీవి, ఆ ఆట కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లవి. గోడ మీద కూడా వేయించకండి. షాపు పేరు ట్రేడ్ మార్కుగా నమోదు చేయాల్సింది 35వ తరగతిలో (అమ్మకం సేవలు). 28వ తరగతి (ఆటవస్తువులు) మీ సొంత గేము తయారు చేసినప్పటికి. ఈ రెండూ కలిపి పెట్టేసి ఫీజు రెట్టింపు కట్టకండి.

సంచులు వేలల్లో ఆఫ్‌సెట్‌కి ఇప్పుడే ఇవ్వొద్దు. ఒకే రంగులో నిలబడే లోగో అయితే అంగుళమున్నర రబ్బరు స్టాంపు చేయించి బ్రౌన్ కవర్ల మీద కొట్టుకోవచ్చు. గీతల మధ్య సందు అర మిల్లీమీటరు కంటే తగ్గితే సిరా నిండిపోతుంది, స్టాంపుకి ఇచ్చేముందు అది చూసుకోండి.